స్వాతి రాసిచ్చింది అది కాదు

ఇప్పుడు నా చేతులు భుజాల ఎత్తు దాకా లేస్తున్నాయి. జడ నేనే వేసుకుంటున్నాను. పాప యూనిఫాం బొత్తాలు నేనే పెడుతున్నాను. నాలుగు నెలల కిందట ఈ రెండు పనులూ నా వల్ల కాలేదు. అప్పుడు రాజమండ్రిలో ఒక ఆసుపత్రి మంచం మీద, మెడలో గొట్టం పెట్టించుకుని, ఈ పూట ఎన్ని గుక్కల నీళ్లు తాగనిస్తారా అని ఎదురుచూస్తూ పడుకుని ఉన్నాను.

ఇదంతా రాయడానికి రెండు కారణాలు. ఫోన్లో వీడియోలు చూసి ఇంట్లోనే కడ్డీలు బిగించుకుని వేలాడేవాళ్లు ఈమధ్య మా భీమవరంలోనే చాలామంది కనిపిస్తున్నారు. వాళ్లలో ఒక్కరైనా నేను చేసిన పని చేయకుండా ఆగితే చాలు. రెండో కారణం సిగ్గుపడాల్సిన సంగతి. దాన్ని దాని చోటే చెబుతాను.

జనవరి నుంచి మార్చి

నా పేరు సునీత. ముప్పై మూడేళ్లు. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ఒక ల్యాబ్‌లో పని చేస్తాను. రైతులు పొద్దున్నే సీసాల్లో నీళ్లు పట్టుకొస్తారు. రంగు చూసి, వాసన చూసి, ఆపైన పరీక్షలు చేసి, చెరువులో ఏం జరుగుతోందో చెప్పడం నా ఉద్యోగం. మా ఆయన రాంబాబు ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మాకు ఒక్కతే కూతురు, హాసిని. రెండో తరగతి.

మా పుట్టిల్లు మొగల్తూరు. నాన్న పోయాక అక్కడ అమ్మ, మా చెల్లెలు స్వాతి ఉంటున్నారు. స్వాతి నాకంటే ఏడేళ్లు చిన్నది. నరసాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. సాయంత్రాలు ఆడపిల్లలకి తాళ్లు ఎక్కడం, కడ్డీలు పట్టుకుని వేలాడడం, ఎత్తు మీంచి ఎత్తు మీదకి దూకడం నేర్పుతుంది. చిన్నప్పుడు కూడా అంతే. గోడలెక్కేది అది. కింద నిలబడి "పడతావే, దిగవే" అని అరిచేదాన్ని నేను. కప్పులూ పతకాలూ అది తెచ్చేది. మార్కులు నేను తెచ్చేదాన్ని. ఆ కప్పుల్ని చూసి నేను ఎప్పుడూ కుళ్లుకోలేదనే అనుకునేదాన్ని.

జనవరిలో అది ఫోన్లో ఒక వీడియో చూపించింది. విశాఖలో సముద్రపు ఒడ్డున పెట్టే అడ్డంకుల పందెం. ఒక దిమ్మ మీంచి ఇంకో దిమ్మ మీదకి దూకాలి, ఎగిరి కడ్డీ అందుకోవాలి, చేతుల మీదే ఒక్కో కడ్డీ దాటుకుంటూ పోవాలి. ముప్పై దాటిన ఆడవాళ్లకి వేరే విభాగం ఉంది.

"ఇది నీకోసమే పెట్టినట్టున్నారక్కా" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "నేర్పుతావా?" అన్నాను.

అది నా మొహంలోకి చూసి నవ్వు ఆపేసింది. "నిజంగానా?"

"నిజంగానే."

మా డాబా మీద రేకుల షెడ్డు ఉంది. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల పాత ఇనప కడ్డీ ఒకటి సంపాదించి మా ఆయనే షెడ్డుకి అడ్డంగా వెల్డింగ్ చేయించాడు. ఖాళీ మేత సంచుల్లో ఇసుక నింపి, ఒకదాని మీద ఒకటి పేర్చి, దూకడానికి మెట్లు చేశాం. పక్కింటి మామ్మగారు గోడ మీంచి చూసి, "ఏంటమ్మా సునీతా, బట్టలారేసుకోడానికా ఆ కడ్డీ?" అని అడిగారు. అవునండి అన్నాను.

మొదటి రోజు తొమ్మిది సెకన్లు వేలాడాను. అరచేతులు మండిపోయాయి. మర్నాడు సీసాల మూతలు తిప్పుతుంటే ఆ మంట గుర్తొచ్చి లోలోపల సంతోషం వేసేది. స్వాతి ఒక తెల్లకాగితం మీద నా పద్ధతి అంతా రాసి షెడ్డు గోడకి అతికించింది. వారానికి మూడు రోజులే. ఎగిరి కడ్డీ పట్టుకుని, గడ్డం కడ్డీ పైకి వచ్చేదాకా లేచి, మెల్లగా దిగాలి. ఐదేసి సార్లు, మూడు విడతలు, అంతకు మించి వద్దు. కింద పెద్దక్షరాలతో రాసింది: జ్వరం వస్తే తగ్గాక కూడా వారం పాటు ముట్టుకోకు. తర్వాత సగంతో మొదలుపెట్టు.

మార్చి మొదటికి నలభై సెకన్లు వేలాడాను. ముప్పై మూడేళ్లలో నా ఒంటి గురించి నేను గర్వపడింది అదే మొదటిసారి. మార్చి మధ్యలో జ్వరం పట్టుకుంది. పది రోజులు మంచం మీదే. లేచి కడ్డీ పట్టుకుంటే పదిహేను సెకన్లకే చేతులు జారిపోయాయి. ఏడుపొచ్చింది. స్వాతికి ఫోన్ చేశాను.

"దానికి ఏడుస్తారా ఎవరైనా? సగంతో మొదలెట్టక్కా. ఎక్కడికీ పోదు."

అది మాట్లాడుతూనే, తను నిమిషం నలభై సెకన్లు వేలాడిన వీడియో పంపించింది. నన్ను ఉత్సాహపరచడానికే పంపింది. నాకు మాత్రం చురుక్కుమంది.

ఏప్రిల్, ఒక ఆదివారం

ఆ ఆదివారం మా ఆయన వాళ్ల బంధువులు అన్నవరంలో వ్రతం చేసుకుంటున్నారు. నేను ల్యాబ్‌లో పనుందని అబద్ధం చెప్పి ఆగిపోయాను. ఆయన పాపని తీసుకుని తెల్లవారుజామున వెళ్లాడు. వచ్చే వారం స్వాతి వస్తుంది. అప్పటికి నేను మునుపటికంటే బాగా చేసి చూపించాలి. దాని కళ్లు పెద్దవి కావాలి. నా మనసులో ఉన్నది అంతే.

తొమ్మిదింటికి మొదలుపెట్టాను. పదిహేను అయ్యాయి. కాగితం మీద ఉన్నది అక్కడితో సరి. జ్వరం తర్వాత లెక్కయితే అందులో సగమే. నేను ఆగలేదు. యాభై అయ్యాయి. ఎవరో ఒకాయన ఒక్క రోజులో రెండొందలు చేసిన వీడియో చూసి ఉన్నాను. ఆయన చేయగా లేంది నేనెందుకు చేయలేను అనుకున్నాను. పదకొండింటికి రేకులు కాలిపోతున్నాయి. కిందకి దిగి నీళ్లు తాగొస్తే ఊపు పోతుందని దిగలేదు. చేతులు లేపడం చాతకానప్పుడు సంచుల మీంచి గెంతి కడ్డీ అందుకుని, మెల్లగా దిగుతూ లెక్క పెట్టాను. రెండొందల పది. చివరి యాభై నా చేతులు చేసినవి కావు, నా మొండితనం చేసినవి.

కిందకొచ్చి కుళాయి తిప్పబోతే వేళ్లు బిగుసుకోలేదు. మోచేత్తో తిప్పి, నోరు కుళాయి కింద పెట్టి తాగాను. చాలా సంతోషంగా ఉన్నాను.

సాయంత్రం వాళ్లు తిరిగొచ్చారు. మా ఆయన ఆకుపొట్లం విప్పి, "ప్రసాదం, చెయ్యి చాపు" అన్నాడు. చెయ్యి చాపలేకపోయాను. మోచేతి దగ్గర మడత పడి అక్కడే ఉండిపోయింది. "బాగా పని చేశాన్లెండి" అని నవ్వాను. హాసిని నా నోట్లో పెట్టింది.

సోమవారం చేతులు రెండూ ఉబ్బాయి. జాకెట్టు చేతులు పట్టలేదు. మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని పూటకి రెండు చొప్పున వేసుకున్నాను. ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. ఆ మాత్రలు అప్పటికే దెబ్బతిన్న కిడ్నీల మీద ఇంకో దెబ్బ అని డాక్టర్ తర్వాత చెప్పారు. మంగళవారం పొద్దున బాత్‌రూంలో చూస్తే మూత్రం టీ డికాక్షన్ రంగులో ఉంది. వేడి చేసిందనుకున్నాను. చెరువు నీళ్ల రంగు కాస్త మారితే రైతుని కంగారు పెట్టేసే మనిషిని, నా సంగతి వచ్చేసరికి ఒక మజ్జిగ గ్లాసు తాగి ల్యాబ్‌కి వెళ్లిపోయాను.

అక్కడ నన్ను పట్టుకున్నది వర్మగారు. ఉండి అనే ఊరి వైపు చెరువులున్న రైతు, అరవై దాటిన పెద్దాయన. సీసా బల్ల మీద పెట్టి, నేను దాన్ని రెండు చేతులతో కూడా లేపలేకపోవడం చూశారు.

"ఏంటమ్మా, ఆ చేతులేంటి అలా ఉన్నాయి?"

"కొంచెం ఎక్సర్‌సైజు చేశానండి. తగ్గిపోద్దండి."

"మొహం కూడా ఉబ్బింది. నా చెరువు సంగతి తర్వాత. లేవండి, కారెక్కండి."

"పర్లేదండి..."

"నేనడగట్లేదమ్మా. లేవండి."

ఆయన అంత గట్టిగా అనకపోతే నేను లేచేదాన్ని కాదు. ఇంకో రోజు ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టర్ నాకు చెప్పలేదు. మా ఆయనకి చెప్పారట. ఆయన ఇప్పటికీ నాకు చెప్పడు.

భీమవరం, రెండు రోజులు

మొదటి ఆసుపత్రిలో రక్తం తీశారు. గంటలో ముగ్గురు డాక్టర్లు మంచం చుట్టూ చేరారు. అప్పటికి మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. అమ్మ మొగల్తూరు నుంచి ఆటోలు మారుకుంటూ వచ్చి, చెమటతో తడిసిన చీరతో మంచం పక్కన నిలబడింది.

"అతిగా శ్రమపడి కండ చితికిపోయిందమ్మా. అది రక్తంలో కలిసి, కిడ్నీల్ని మూసేసింది. అసలు ఎన్ని చేశారు మీరు?" అని పెద్ద డాక్టర్ అడిగారు.

అమ్మ నన్నే చూస్తోంది. మా ఆయన నన్నే చూస్తున్నాడు. రెండొందల పది అనే మాట నోట్లో దాకా వచ్చి ఆగిపోయింది.

"మా చెల్లి రాసిచ్చినట్టే చేశానండి. అది ఆటల టీచరు" అన్నాను.

నేను చెబుతానన్న రెండో సంగతి ఇదే. ఆ ఒక్క వాక్యం.

డాక్టర్ తల అడ్డంగా ఊపి, "తెలిసీ తెలియనివాళ్లు ట్రైనింగులు ఇస్తే ఇలాగే ఉంటుంది" అన్నారు.  అమ్మ ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లింది. అక్కడి నుంచి అమ్మ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. "నీ గెంతులకి దాన్ని బలి చేశావు కదే! దానికి చిన్నపిల్ల ఉందే!" నేను కళ్లు మూసుకున్నాను. పిలిచి ఆపొచ్చు. ఆపలేదు.

మర్నాటికి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. రాజమండ్రి తీసుకెళ్లమన్నారు. అంబులెన్సులో పడుకుని ఉంటే బయట ఏమీ కనపడలేదు. ఒకచోట చక్రాల చప్పుడు మారింది, గాలి చల్లబడింది. "గోదావరి దాటుతున్నాం" అన్నాడు మా ఆయన. ఆయన నా చెయ్యి పట్టుకోబోయి, నొప్పి పుడుతుందని గుర్తొచ్చి, పాదం పట్టుకున్నాడు. దారంతా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

రాజమండ్రి, మొదటి వారం

మెడ దగ్గర గొట్టం పెట్టి డయాలసిస్ మొదలుపెట్టారు. నా రక్తం నా కళ్ల ముందే గొట్టాల్లోంచి మెషిన్‌లోకి వెళ్లి తిరిగి వచ్చేది. చేతులు రెండూ దిండ్ల మీద బరువుగా, నావి కానట్టు పడి ఉండేవి. ముక్కు దురద పెడితే ఎవరో ఒకరు గోకాలి. కానీ వాటన్నిటికంటే నన్ను ఏడిపించింది దాహం. లోపలికి పోయిన నీళ్లు బయటికి రావు కాబట్టి రోజుకి రెండు చిన్న గ్లాసులే. నాలుక అంగిటికి అంటుకుపోయేది. చుట్టూ కాలవలున్న ఊళ్లో పుట్టి పెరిగిన దాన్ని, గుక్కెడు నీళ్ల కోసం నర్సుని బతిమాలుకున్నాను.

డయాలసిస్ గది బయట ఒక హాలు ఉంటుంది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఎవరూ చూడని టీవీ. మన వంతు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. వీల్‌చైర్లో నన్ను అక్కడ వదిలినప్పుడల్లా పక్క కుర్చీలో ఒకావిడ కనిపించేవారు. సత్యవతిగారు, కొత్తపేట వైపు నుంచి వచ్చేవారు. యాభై ఐదేళ్లుంటాయి. ఐదేళ్లుగా వారానికి రెండుసార్లు వస్తున్నారట.

"కొత్తా?" అని అడిగారు మొదటిరోజు.

"అవునండి."

"దాహమా?"

ఆ మాట వినగానే నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. ఆవిడ చీర చెంగుతో నా మొహం తుడిచి, "నీళ్లు తాగకమ్మా. ఆ గ్లాసుడు నీళ్లనే ఐసు చేయించుకుని ముక్కలు చప్పరించు. అదే నీళ్లు, నాలుగింతల సేపు వస్తాయి. నాకిక్కడ మొదట్లో ఎవరూ చెప్పలేదు" అన్నారు.

మా ఆయనకి ఐసు సంగతి చెప్పాలా? ఆ రోజు నుంచి కొలిచిన నీళ్లని గడ్డ కట్టించి, శనగగింజంత ముక్కలు కొట్టి, ఫ్లాస్కులో పోసి తెచ్చేవాడు. పొద్దున డ్యూటీ చేసి, మధ్యాహ్నం రైలెక్కి రాజమండ్రి వచ్చేవాడు. చెంచాతో ఒక్కో ముక్కా నోట్లో పెట్టేవాడు. పాపని పక్కింటి మామ్మగారు తమ ఇంట్లో ఉంచుకున్నారు. రోజూ ఫోన్లో చూపించి, "ఇవాళ పప్పు తింది, కాకరకాయ తినలేదు" అని రిపోర్టు ఇచ్చేవారు.

అమ్మకీ ఆయనకీ మధ్య మాత్రం మాటలు తేడాగా నడిచేవి.

"ఆ కడ్డీ మీరు వేయించకపోతే ఇంతవరకూ వచ్చేది కాదు కదా బాబూ" అనేది అమ్మ.

"సరదాపడిందని వేయించానండీ అత్తయ్యగారూ. ఇలా అవుతుందని నాకేం తెలుసండీ."

"తెలియాల్సింది దానికి, ఆ స్వాతికి."

నేను కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు ఉండేదాన్ని. స్వాతి ఒక్కసారి కూడా రాలేదు. ఫోన్ చేయలేదు. నా మీద కోపమే అనుకున్నాను. అది వస్తే నిజం చెప్పాల్సి వస్తుంది కాబట్టి, రాకపోవడమే నయమని కూడా అనిపించింది. ఈ మాట రాయడానికి చాలా కష్టంగా ఉంది.

రాజమండ్రి, రెండో వారం

ఒక మధ్యాహ్నం మా ఆయన ఐసు పెడుతూ, అమ్మ బయటికి వెళ్లేదాకా ఆగి, నెమ్మదిగా అన్నాడు.

"సునీతా, నీకు చెప్పకూడదు అనుకున్నాను. స్వాతి వచ్చింది. రెండుసార్లు. మొదటిసారి అత్తయ్యగారు లిఫ్టు దగ్గరే వెనక్కి పంపేశారు. రెండోసారి కింద హాల్లో మూడు గంటలు కూర్చుని వెళ్లిపోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"స్వాతే వద్దంది. ఇంకోటి. ఊళ్లో అత్తయ్యగారు అడిగిన వాళ్లందరికీ చెప్పారు కదా. స్కూలు పిల్లల అమ్మానాన్నల గ్రూపులో పడిందంట. చెల్లెలి ట్రైనింగు వల్ల అక్క డయాలసిస్ మీద ఉందని. పదమూడు మంది పిల్లల్లో తొమ్మిదిమందిని మానిపించేశారు. వేసవి క్యాంపు ఆపేశారు. స్కూలు తెరిచాక దాన్ని ఉంచుతారో లేదో తెలీదు."

చెంచా నా నోటి ముందు ఆగి ఉంది. ఐసు ముక్క కరిగి నా గడ్డం మీద పడింది.

"ఏవండీ, అది రాసిచ్చింది పదిహేను" అన్నాను.

"ఏంటి?"

"పదిహేను సార్లు. జ్వరం తర్వాత అందులో సగం. నేను రెండొందల పది చేశాను. ల్యాబ్‌లో పనేం లేదు ఆరోజు. దానికంటే గొప్పగా కనపడాలని చేశాను."

 ఆయన చెంచా ఫ్లాస్కు మూతలో పెట్టాడు. ఆయన కోప్పడతాడనే అనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. చివరికి, "అత్తయ్యగారికి నువ్వే చెప్పు. నేను చెప్పకూడదు" అని లేచి అమ్మని పిలుచుకొచ్చాడు.

అమ్మకి చెప్పాను. పూర్తిగా, మొదటి నుంచీ. అమ్మ మంచం అంచు మీద కూర్చుంది. ఒక మంచం మీద జబ్బుపడ్డ కూతురు, ఇంకో కూతుర్ని లిఫ్టు దగ్గరే తరిమేసిన జ్ఞాపకం. అమ్మ మొహం నేను చూడలేకపోయాను.

"దానికి నేను మొహం ఎలా చూపించనే?" అంది. అంతే అంది. లేచి ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లింది. ఈసారి అమ్మ గొంతు నాకు వినపడలేదు. అంత మెల్లగా మాట్లాడింది.

మర్నాడు పది గంటలకి స్వాతి వచ్చింది. గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. మెడలో గొట్టం, ఉబ్బిన మొహం, పదిహేను రోజులుగా సరిగ్గా దువ్వని జుట్టు. చేతిసంచిలోంచి దువ్వెన తీసి నా వెనక కూర్చుని చిక్కులు తీయడం మొదలుపెట్టింది. గట్టిగానే లాగింది. 

"స్వాతీ..."

"తల కదపకు."

"నువ్వు ఎందుకు చెప్పలేదే అమ్మకి? కాగితం గోడ మీద ఉంది కదా. ఫోటో తీసి చూపించొచ్చు కదా."

దువ్వెన ఆగింది. "నువ్వు బతుకుతావో లేదో తెలీనప్పుడు, తప్పు నాది కాదని నేనెవరితో వాదించనక్కా?"

తర్వాత చాలాసేపు ఇద్దరం ఏడ్చాం. అది నా జడ వేయడం మాత్రం ఆపలేదు. రెండు జడలు వేసింది, చిన్నప్పుడు దానికి నేను వేసినట్టు. వెళ్లబోతూ నేను సారీ అంటే, "నాకు కాదు. ఆ పిల్లల అమ్మానాన్నలకి చెప్పు. నడవగలిగిన రోజు వచ్చి చెప్పు" అంది.

ఆ వారాంతంలోనే నా కిడ్నీలు మేలుకున్నాయి. పొద్దున్నే నర్సమ్మ మూత్రం కొలిచే జగ్గు వెలుతురులో పైకెత్తి పట్టుకుని, "రెండొందలు దాటిందండీ!" అని వార్డంతా వినపడేలా అరిచింది. అమ్మ ఆ జగ్గుకి దండం పెట్టింది. నిజంగానే పెట్టింది. తర్వాత రోజు నాలుగొందలు, ఆ తర్వాత రోజు లీటరు. డాక్టర్ నవ్వుతూ, "ఇక తాగండమ్మా, ఎంత కావాలంటే అంత" అన్నారు. నిండు గ్లాసు రెండు గుక్కల్లో తాగేశాను. గొంతులోంచి కడుపు దాకా ఆ నీళ్లు దిగడం తెలిసింది.

మెడలో గొట్టం తీసేసిన రోజు, సత్యవతిగారికి చెప్పడానికి వీల్‌చైర్లో హాలుకి తీసుకెళ్లమన్నాను. నా కిడ్నీలు బాగయ్యాయని ఆవిడతో ఎలా చెప్పాలో తెలియలేదు. ఆవిడకి ఆ అవకాశం లేదు. ఆవిడే నా మెడ చూసి కనిపెట్టేశారు. "పోయిందా గొట్టం? ఇక ఇటువైపు రాకు తల్లీ. వస్తే నాతో మాట్లాడ్డానికి రా, అంతే" అన్నారు. నెలకోసారి వెళ్లి మాట్లాడొస్తున్నాను.

మే, జూన్

ఇంటికొచ్చాక కూడా చేతులు తాళ్లలా వేలాడుతూనే ఉన్నాయి. కండ పోయి, చర్మం వదులైపోయింది. ఫిజియోథెరపీ అమ్మాయి మొదటి వారం ఖాళీ గ్లాసు ఎత్తమంది. తర్వాత సగం నీళ్లతో. ఆమె మూడుసార్లు అంటే నేను మూడుసార్లే చేశాను. నాలుగోది చేయగలననిపించినా చేయలేదు. అది నాకు కొత్తగా వచ్చిన క్రమశిక్షణ. విశాఖ పందెం జరిగిపోయింది. స్వాతి కూడా వెళ్లలేదు. "వచ్చే ఏడాది వెళ్తాను. నేను. నువ్వు కాదు" అంది.

వర్మగారు ఒకసారి ఇంటికొచ్చి చూసి వెళ్లారు. ఆయన ఆ రోజు వదిలేసి వచ్చిన సీసా నీళ్లని మా ల్యాబ్‌లో ఇంకొకరు పరీక్ష చేశారట. చెరువు బాగానే ఉందట. "మీరే బాగాలేరు" అని నవ్వారు.

జూన్ నెలాఖరులో స్కూలు తెరిచాక, ప్రిన్సిపాల్‌గారు స్వాతి విషయం తేల్చడానికి అమ్మానాన్నల్ని పిలిచారు. నేను అమ్మని తీసుకుని నరసాపురం వెళ్లాను. తరగతి గదిలో ఇరవైమంది దాకా ఉన్నారు. కొందరు రైతులు, కొందరు చేపల వ్యాపారం చేసుకునేవాళ్లు. స్వాతి కిటికీ పక్కన నిలబడి ఉంది. నేను గోడ మీంచి తీసి తెచ్చిన కాగితం వాళ్లకి ఇచ్చాను.  

"ఇది మా చెల్లెలు రాసిచ్చిందండి. పదిహేను అని ఉంది. నేను రెండొందల పది చేశాను. జ్వరం తర్వాత సగమే చేయమని ఉంది. నేను వినలేదు. ఆసుపత్రిలో డాక్టర్ గారడిగితే నెపం మా చెల్లెలి మీద పెట్టాను. తప్పంతా నాదండి."

కాగితం చేతులు మారుతూ గది అంతా తిరిగింది. వెనక వరసలో ఒకావిడ లేచారు. మొహంలో కోపం స్పష్టంగా ఉంది.

"సొంత చెల్లెలి మీద అలా ఎలా చెప్పారమ్మా మీరు?"

 "నా తప్పని తెలిస్తే నా మీద ఎవరూ జాలిపడరేమో అనుకున్నానండి" అన్నాను.

అప్పుడు నా వెనకాల నుంచి అమ్మ కూడా లేచింది. "ఊరంతా చెప్పింది నేనండి. కనుక్కోకుండా చెప్పాను" అంది.

 ఒకాయన, మొగల్తూరు అవతల సముద్రంలో చేపల వేటకెళ్లే మనిషి, నెమ్మదిగా అడిగాడు. "మరైతే మా పిల్ల చెయ్యొచ్చంటారా అండి?"

"టీచరు చెప్పినంతే చేస్తే చెయ్యొచ్చండి. ఒక్కటి ఎక్కువ చేస్తానంటే మాత్రం మీరే చెవి మెలెయ్యండి."

ఎవరో నవ్వారు. ఆయన స్వాతి వైపు తిరిగి, "రేపట్నుంచి పంపుతానండి టీచరుగారూ" అన్నాడు. తొమ్మిదిమందిలో ఐదుగురు తిరిగొచ్చారు. నలుగురు రాలేదు. కోపంగా అడిగినావిడ కూతురు ఆ నలుగురిలో ఉంది. ఆవిడని నేను తప్పు పట్టను. ప్రిన్సిపాల్‌గారు ఈ ఏడాదికి స్వాతిని కొనసాగమన్నారు.

అమ్మ నరసాపురంలోనే ఎవరినో చూడాలని ఆగిపోయింది. స్వాతి నన్ను బస్టాండు దాకా దింపడానికి వచ్చింది. ఎండ బాగా ఉంది. అది నా గొడుగు పట్టుకుని పక్కనే నడిచింది.

"నా కోపం ఇంకా పోలేదక్కా" అంది.

"తెలుసు."

"ఎప్పుడు పోతుందో కూడా తెలీదు."

"సరే."

భీమవరం బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. నేను తలుపు పక్కన కడ్డీ అందుకోబోతే, "పట్టుకుని లాక్కోకు, భుజం పట్టేస్తుంది" అని అరిచి, గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, రెండు అరచేతులూ నా వీపుకి ఆనించి పైకి నెట్టింది. తనూ వెనకే ఎక్కింది. కండక్టరు ఎక్కడికమ్మా అని అడుగుతుంటే, "నేను రావట్లేదండి, ఈవిణ్ణి కూర్చోబెట్టి దిగిపోతాను" అంది. కిటికీ పక్క సీటు దొరికి, నేను సర్దుకుని కూర్చునే దాకా ఆ చెయ్యి నా వీపు మీంచి తీయలేదు.